ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ మంచిదే, మదర్‌బోర్డు పోనంత సేపు

నల్గొండల మాది ఫోటో స్టూడియో. పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి పైసలు కట్టి కొన్న, పేరెందుకు గని దాని గురించే ఇది.

పని వరకైతే వంక పెట్టనీకి లేదు. ఫోల్డర్ చూపిస్తే చాలు ఫోటోలన్నీ తీస్కొని 12 బై 36 షీట్లల్ల సర్దేస్తది, తలంబ్రాలకు వేరే అప్పగింతలకు వేరే డిజైన్లు ఉంటయి, కొత్తగ వచ్చిన పిల్లగాడు గూడ తొందరగ నేర్చుకుండు.

మొన్న ఈదురుగాలులకు కరెంటు పోవుడు వచ్చుడు పోవుడు వచ్చుడు, ఆ దెబ్బకు మదర్‌బోర్డు కాలింది. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు దొరకదన్నరు, ఇగ బోర్డు ప్రాసెసర్ రెండూ మార్పించిన, హార్డ్ డిస్క్ మాత్రం పాతదే. విండోస్ గూడ ముందు ఆక్టివేట్ కాలేదన్నది గని నాది రిటైల్ లైసెన్స్, అంటే విడిగ కొన్నది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేసి ఉండె, సెట్టింగ్స్‌ల ఆక్టివేషన్ కాడ ట్రబుల్‌షూట్ కొట్టి ఈమధ్య హార్డ్‌వేర్ మార్చిన అన్న ఆప్షన్ నొక్కితే అయిపాయె. సిస్టమ్‌తోనే వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే ఇట్ల కాదు, అది ఆ బోర్డుకే కట్టేసి ఉంటది.

ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే హార్డ్‌వేర్ ఐడీ మ్యాచ్ కాలేదని ఎర్ర డబ్బా. సపోర్ట్‌కు ఫోన్ కొడితే "పాత సిస్టమ్‌లో డీఆక్టివేట్ చేసి కొత్తదాంట్లో ఆక్టివేట్ చేసుకోండి సర్" అంటడు. బోర్డే కాలింది తమ్మీ, ఏ సిస్టమ్ ఆన్ చేసి డీఆక్టివేట్ చేయాలె అంటే, "అయితే కొత్త లైసెన్స్ తీసుకోవాలి సర్" అన్నడు. బిల్లు ఉంది, రిజిస్టర్ చేసిన మెయిల్ ఉంది, అవి అడగనే అడగలే.

ఈ ఐడీ సంగతి ఏందంటే, ఇసొంటి సాఫ్ట్‌వేర్లు మామూలుగ బోర్డు నంబరు, లాన్ కార్డు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబరు), డిస్క్ నంబరు అన్నీ కలిపి ఒక కోడ్ తయారు చేసుకుంటయి. లాన్ ఇప్పుడు బోర్డు మీదనే వస్తది కదా, బోర్డు ఒక్కటి మార్చినా వాళ్ల లెక్కల రెండు మారినట్టు, ఇగ ఇది వేరే కంప్యూటర్ అని ఫిక్స్ అయితది. దొంగ కాపీలు ఆపనీకే ఇదంత అంటరు, సరే, మరి క్రాక్ ఏస్కున్నోడు ఎన్ని బోర్డులు మార్చినా వానికేం కాదు, పైసలు కట్టినోడే ఫోన్లు పట్టుకొని తిరగాలె. దీనికంటే యూఎస్‌బీ డాంగిల్, అంటే పెన్‌డ్రైవ్ లెక్క ఉండే లైసెన్స్ తాళంచెవి, ఇచ్చే పాత పద్ధతే నయం, పీకి ఇంకో సిస్టమ్‌కు పెడితే నడుస్తది, పోగొట్టుకోకుంటే సాలు.

అన్నిటికన్న మంట ఏందంటే సగం చేసిన ఆల్బమ్‌లు దాని సొంత ఫార్మాట్‌ల ఉన్నయి, ఫోటోషాప్‌ల తెరుచుకోవు. నకిరేకల్ పార్టీ "అన్నా ఆల్బమ్ ఏమాయె" అని రోజూ ఫోను, పిల్లగాడు ఒక్కో షీటు మళ్ల మొదటికెళ్లి ఫోటోషాప్‌ల కూసోపెడుతుండు.

పనికి నాలుగు స్టార్లు ఇస్త, లైసెన్స్‌కు సున్న, మొత్తం మీద రెండు. కొనేటోళ్లు ముందే డీలర్‌ను అడగుండ్రి, బోర్డు కాలితే పాత సిస్టమ్ లేకుండనే లైసెన్స్ రీసెట్ చేస్తరా అని, నోటితోని కాదు వాట్సాప్‌ల రాసియ్యమనుండ్రి. నేను బిల్లు పెట్టి మెయిల్ కొట్టిన, రీసెట్ చేస్తే స్టార్లు పెంచుత.