పాత గాజు సామాన్లు కొనేవాళ్లు చూడాల్సిన షాపు (అవెన్యూ రోడ్డు, బెంగళూరు)

అవెన్యూ రోడ్డు వెనక సందులో ఉన్న ఈ షాపుకి ఐదు స్టార్లు ఇస్తున్నాను. కారణం ఒక్కటే, వస్తువు చేతికిచ్చి ఎంతసేపైనా తిప్పి చూసుకోనిస్తారు. విక్టోరియా రాణి కాలం నాటి ప్రెస్డ్ గ్లాస్ (కరిగిన గాజుని అచ్చులో నొక్కి చేసిన సామాను) కొనాలంటే ముందు కావాల్సింది అదే, ఎందుకంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చాలావరకు దాని అడుగునే ఉంటాయి. చాలా చోట్ల "బ్రిటిష్ వాళ్ల కాలందండీ" అనేసి ధర చెప్తారు తప్ప అద్దాల బీరువా తలుపు కూడా తీయరు.

నేను తీసుకున్నది అరచేతిలో పట్టేంత పాలతెలుపు పూలబుట్ట. అడుగున నెమలి తల ఉంది, అది ఇంగ్లండులో గేట్స్‌హెడ్ ఊరి సోవర్బీ కంపెనీ గుర్తు, 1876లో రిజిస్టర్ చేయించారు. పక్కనే డైమండ్ మార్కు (బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ అయిందని చూపే డైమండ్ ఆకారపు ముద్ర), దాని పైకొసన చిన్న సున్నాలో రోమన్ మూడు, అంటే గాజు వస్తువు అని. ఓనరు గారు టార్చి వేసి మరీ చూపించారు: ఏడాదిని చూపే పి అక్షరం మార్కులో పైన ఉంటే 1851, కుడిపక్క ఉంటే 1877, ఎందుకంటే 1868లో అక్షరాల చోట్లు మార్చేశారు. నా బుట్టకి కుడిపక్కనే ఉంది, నెమలి గుర్తు తేదీతో కూడా లెక్క సరిపోయింది. ఆ వెంటనే ఆయనే, "ఇది డిజైన్ రిజిస్టర్ చేసిన ఏడు సార్, సామాను తయారైన ఏడు అనుకోవద్దు, అదే అచ్చులో తర్వాత కూడా పోసుంటారు" అన్నారు. అమ్మేవాడు తన సరుకు వయసు తనే తగ్గించి చెప్పడం నాకు బాగా నచ్చింది.

ఇంకో ప్లేటు మీద 1860 అని చీటీ ఉంది, కానీ అడుగున ఉన్నది ఆర్‌డీ నంబరు (Rd అని ముందు రాసి ఉండే డిజైన్ రిజిస్ట్రేషన్ నంబరు). డైమండ్ మార్కు 1883తో ఆగిపోయి, 1884 నుంచి ఆ నంబర్లు మొదలయ్యాయి కదా అంటే చూసి, అప్పటికప్పుడే చీటీ మార్చేశారు.

మార్కు లేనివే ఎక్కువ ఉంటాయి, వాటికి మన కళ్లే దిక్కు. అచ్చు అతుకు గీత కోసం వేలితో తడమండి, డిజైన్ అంచులు కట్ గ్లాస్‌లా (డిజైన్ కోసి చెక్కిన గాజులా) పదునుగా కాకుండా కాస్త మెత్తగా ఉంటాయి. అడుగున గీతలు అన్ని వైపులకీ అడ్డదిడ్డంగా ఉంటే వాడుకలో పడ్డవి, అన్నీ ఒకే వైపుకి ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారేమో అని అనుమానించాల్సిందే.

షాపులో వెలుతురు చాలదు, భూతద్దం మీరే తీసుకెళ్లండి. ప్యాకింగ్ ఉత్త న్యూస్‌పేపరే, గాజు అమ్మేవాళ్లు దీని మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. బేరం పెద్దగా ఉండదు, కానీ ధర న్యాయంగానే అనిపించింది. పొద్దున వెళ్తేనే మంచిది, సాయంత్రం కుర్రాడొక్కడే ఉంటాడు, వాడికి మార్కుల సంగతి ఇంకా తెలీదు.