బెడ్‌లో అల చూడాలంటే నీళ్లా, గాలా?

ప్రాజెక్టు కోసం ఫ్లూయిడైజ్డ్ బెడ్ (గొట్టంలో పోసిన పూసల్ని కింది నుంచి వచ్చే నీళ్లో గాలో పైకి లేపి తేల్చే ఏర్పాటు) కట్టేవాళ్లు చాలామంది ముందు బ్లోయర్ కొనేస్తారు. జీడిమెట్ల, పాశమైలారం మందుల కంపెనీల్లో తడి గ్రాన్యూల్స్ ఆరబెట్టే ఎఫ్‌బీడీ (ఫ్లూయిడ్ బెడ్ డ్రయర్) నడిచేది గాలితోనే కదా అని. కానీ బెడ్‌లో అస్థిరత, అంటే పూసలు పలచబడ్డ పట్టీలు అలలుగా పైకి పోవడం, ఎలా పుడుతుందో చూడాలంటే నీళ్లే మేలు.

అర మిల్లీమీటరు గాజు పూసనే తీసుకోండి. బెడ్ లేవడానికి కావలసిన కనీస వేగం లెక్కగట్టే వెన్–యు సూత్రంలో వేస్తే, 20 డిగ్రీల నీళ్లు సెకనుకు 2.2 మి.మీ. వేగంతో పారినా బెడ్ లేస్తుంది. గాలైతే సుమారు 19 సెం.మీ. కావాలి. గాజు నీటికన్నా రెండున్నర రెట్లే బరువు, గాలికన్నా రెండు వేల రెట్లకు పైనే. అందుకే గాలిలో ఈ పూసలు (పొడులు గాలిలో ఎలా లేస్తాయో చెప్పే గెల్డార్ట్ 1973 వర్గీకరణలో బి గుంపు) లేచీ లేవగానే బుడగలు కట్టేస్తాయి, అల పెరిగే దశ కంటికి ఆనదు. 2 సెం.మీ. బుడగ సెకనుకు 30 సెం.మీ. ఎక్కుతుంది మరి.

నీళ్లలో అల సెకనుకు 2, 3 సెం.మీ. మాత్రమే కదులుతుంది, మామూలు ఫోన్ వీడియో చాలు. గొట్టం వెనక ట్యూబులైటు పెడితే పూసలు పలచబడ్డ చోట వెలుతురు పట్టీ కనిపిస్తుంది. అడుగున లీలగా మొదలై పైకి పోయేకొద్దీ స్పష్టమవుతుంది. పలచబడ్డ చోట నీటి ఈడ్పు తగ్గుతుంది, కానీ జడత్వం వల్ల పూస వెంటనే వేగం మార్చుకోలేదు. ఆ ఆలస్యమే అలను పెంచుతుంది.

గొట్టం లోపలి వ్యాసం 10 మి.మీ. చాలు. వెడల్పు పెంచితే పట్టీలు వంకర తిరిగి విరిగిపోతాయి. నిమిషానికి 10 నుంచి 30 మి.లీ. నీళ్లు, ఎత్తులో పెట్టి, మట్టం మారకుండా ఎప్పుడూ పొర్లుతుండే బకెట్ నుంచి రావాలి. పెరిస్టాల్టిక్ పంపు (ట్యూబును నొక్కుతూ నీళ్లు తోసేది) వద్దు, దాని కుదుపులే అలలుగా కనిపించి మోసం చేస్తాయి. గొట్టాన్ని తాపీమేస్త్రి గుండుదారంతో నిలువు చూడండి. కాస్త వాలినా పూసలు ఒకపక్క జారతాయి.

హైదరాబాద్‌లో అసలు చిక్కు డాబా మీది ట్యాంకు. మే మధ్యాహ్నం 40 డిగ్రీల నీళ్లలో చిక్కదనం తగ్గి, పైన చెప్పిన 2.2 కాస్తా 3.3 అవుతుంది. పొద్దున కొలత మధ్యాహ్నం కలవదు. నీళ్లు వేడెక్కితే కరిగిన గాలి బయటపడి డిస్ట్రిబ్యూటర్ (బెడ్ అడుగున నీళ్లనో గాలినో సమంగా పంచే చిల్లుల ప్లేటు) రంధ్రాల్లో ఇరుక్కుంటుంది, బోరు నీళ్లయితే ఉప్పు కూడా పేరుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లు పట్టి రాత్రంతా గదిలో ఉంచి వాడండి.

ఎఫ్‌బీడీలో గడబిడ అర్థం కావాలంటే మాత్రం గాలి బెడ్డే కట్టాలి. 20 సెం.మీ. గాజు పూసల బెడ్ బరువు సుమారు 30 సెం.మీ. నీటి పీడనానికి సమానం. డిస్ట్రిబ్యూటర్ దగ్గర అందులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పీడనం పడాలి, లేకపోతే గాలి ఒకే దారి వెతుక్కుంటుంది. ఎండాకాలం పొడిగాలికి పూసలు అక్రిలిక్ గోడకు అంటుకుంటాయి. గాలిని కాస్త తేమ చేయండి. ఇక్కడ 540 మీటర్ల ఎత్తు కాబట్టి సముద్రమట్టానికి సరిచేసిన రోటామీటరు (గాలి ప్రవాహం కొలిచేది) రీడింగులో 3 శాతం తేడా వస్తుంది, దానికి కంగారక్కర్లేదు.

బెడ్ పీడనం 30 సెం.మీ.కి బదులు 20 దగ్గరే ఆగిందా? పూసలు పూర్తిగా లేవలేదన్నమాట. బ్లోయర్ పెంచకండి, ముందు డిస్ట్రిబ్యూటర్ ప్లేటు విప్పి చూడండి.