స్కూటరా, లక్ష రూపాయల కారా, బస్సా: నలుగురున్న ఇంటికి ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా, టాటా వాళ్ల లక్ష రూపాయల కారు నానో అంటే నాకు వెర్రి ప్రేమా లేదు, పగా లేదు. మా బావ 2011లో ఒకటి కొన్నాడు, నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఈ మధ్య ఇంట్లో మాటల్లో ఒకరు "మళ్లీ అలాంటి చౌక కారు వస్తే బాగుణ్ణు" అంటే, ఇంకొకరు "వస్తే ఊళ్లన్నీ పొగే" అని కొట్టిపారేశారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందనిపించి, ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నా.

2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆ బండిని చూపించినప్పుడు రతన్ టాటా చెప్పిన కారణం చాలామందికి గుర్తుండే ఉంటుంది, వానలో ఒకే స్కూటర్ మీద వెళ్తున్న కుటుంబాన్ని చూసి ఆ ఆలోచన వచ్చిందని. ఆ బొమ్మ మనకు కొత్తదేం కాదు. ముందు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ పెద్దోడు, వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్న అమ్మ, మధ్యలో నలిగిపోతున్న చిన్నది, దాని తల మీద పాలిథిన్ కవర్. చినుకు పడగానే నాన్న బండి పక్కకి ఆపి సీటు కిందనుంచి రెయిన్‌కోటు తీస్తాడు, ఉండేది ఒకటే, అది ఎవరు వేసుకోవాలో తేలేలోపు నలుగురూ తడిసి ముద్దవుతారు. చట్టం ప్రకారమైతే వెనక ఒక్కరే కూర్చోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. కాబట్టి స్కూటర్ ఉన్నవాడు కారు కావాలంటే "వీడికి షోకులు ఎక్కువయ్యాయి" అనడం నాకు నచ్చదు, ముఖ్యంగా ఆ మాట కారులో కూర్చుని అనేవాళ్లంటే.

అలాగని నానోలో కూర్చుంటే ప్రాణం భద్రమా అంటే, అదీ చెప్పలేం. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో దానికి వచ్చినవి సున్నా స్టార్లు. (అప్పుడే పరీక్షించిన ఆల్టో 800కీ సున్నాయే, కానీ నవ్వులపాలైంది మాత్రం నానో ఒక్కటే.) ఊళ్లో 40 స్పీడులో వానకు తడవకుండా పోవడానికైతే స్కూటర్ కన్నా అదే నయమని నా నమ్మకం. హైవే మీద లారీల మధ్య 90లో పోవడానికి ఆ నమ్మకం చాలదు.

ఇక పొగ. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ అయితే 2.7 కిలోల దాకా. నానోకి 624 సీసీ ఇంజిన్, రెండు సిలిండర్లు, బరువు 600 కిలోల దగ్గర్లో. కంపెనీ చెప్పిన మైలేజీ 23.6, ఊళ్లో ట్రాఫిక్‌లో 20 అనుకుందాం. అంటే కిలోమీటరుకి 115 గ్రాములు. స్కూటర్ 45 ఇస్తుందనుకుంటే 51 గ్రాములు. బస్సు లీటరుకి 5 కిలోమీటర్లు పోతుందనుకుంటే 540 గ్రాములు.

ఇక్కడితో ఆపితే బస్సే పెద్ద విలన్! కానీ బండిలో ఎంతమంది ఉన్నారో దానితో భాగించి చూడండి. బస్సులో 50 మంది ఉంటే తలకి 11 గ్రాములు. నానోలో నలుగురుంటే తలకి 29. స్కూటర్ మీద ఒక్కడే పోతుంటే 51. అంటే నలుగురితో పోయే చౌక కారు, ఒక్కడే పోయే స్కూటర్ కన్నా తలకి తక్కువ పొగే వదులుతోంది. ఇది తేలినప్పుడు నేనే నమ్మలేక రెండోసారి లెక్క చూశా. రెండు స్కూటర్ల మీద ఇద్దరిద్దరు పోయినా 102 గ్రాములు, కారుకీ దానికీ పెద్ద తేడా లేదు. అదే కారులో ఒక్కడే కూర్చుంటే 115 మొత్తం వాడి ఖాతాలోకే. పదిమందితో తిరిగే బస్సు కూడా తలకి 54, ఖాళీ బస్సును చూసి మురిసిపోవాల్సిందేం లేదు.

పొగంటే ఇదొక్కటే కాదు, పాత టూ స్ట్రోక్ బళ్లు పెట్రోలుతోపాటు ఆయిల్‌నీ కాల్చి సగం కాలిన ఇంధనాన్ని వెనక్కి వదిలేవి, వాటి పక్కన నానో శుభ్రమైన బండే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక కొత్త స్కూటర్ల మీద ఆ మాట చెల్లదు. నల్లపొగ కక్కే పాత డీజిల్ బస్సు వెనక ఇరుక్కున్నవాడికి నా తలసరి లెక్కలు ఎక్కవు, అదీ ఒప్పుకుంటా.

మరి అసలు పేచీ ఎక్కడంటే, మా బావ దగ్గర.

కారు కొన్నప్పుడు స్కూటర్ అమ్మేస్తానన్నాడు. ఆ కొత్తలో పెట్రోలు బంకుకి వెళ్తే సరదాగా ఉండేది, కుర్రాడు పైపు పట్టుకుని కారు వెనక్కి వెళ్లి మూత కోసం వెతికేవాడు, బావ దిగి ముందు బానెట్ ఎత్తి "ఇదిగో, ఇక్కడ" అని చూపించేవాడు, ఇంజిన్ వెనక, ట్యాంకు మూత ముందు. వెనక డిక్కీ బయటినుంచి తెరుచుకోదు, సామాను పెట్టాలంటే లోపలినుంచి వెనక సీటు మడవాలి, అక్క పచ్చళ్ల డబ్బాలు సర్దేటప్పుడు తిట్టని తిట్టు లేదు. ఒకే వైపరు, చక్రానికి మూడే నట్లు, డ్రైవర్ వైపు మాత్రమే అద్దం. లక్షలో కారు ఇవ్వాలంటే ఎక్కడెక్కడ కోత పెట్టాలో అక్కడల్లా పెట్టారు.

మొదటి నెల ఆదివారాలు నలుగురూ గుడికి, పెళ్లిళ్లకి. తలకి 29 గ్రాములు, బంగారం. మూడో నెలకి బావ ఆఫీసుకీ కారే. ఆ తర్వాత కిలోమీటరు దూరంలో ఉన్న రైతుబజారుకీ కారే. అంతకు ముందు అక్క సిటీబస్సులో వెళ్లి వచ్చే పనులకీ కారే, "ఎలాగూ ఉంది కదా" అని. స్కూటర్ అమ్మలేదు. అంటే చౌక కారు స్కూటర్ స్థానంలోకి రాలేదు, దాని పక్కన వచ్చి చేరింది, కొంత బస్సునీ తినేసింది. నలుగురి కోసం కొన్న బండి వారంలో ఆరు రోజులు ఒక్కడితో తిరిగింది. పర్యావరణానికి పడే ఖర్చు ఇంజిన్‌లోకన్నా ఈ "ఎలాగూ ఉంది కదా"లో ఎక్కువ ఉందని నా లెక్క.

జాగా సంగతి సరేసరి. నానో 3.1 మీటర్ల పొడవు, మన కార్లలో అంతకన్నా చిన్నది దొరకడమే కష్టం, అయినా అది నిలబడే చోట రెండు మూడు స్కూటర్లు పడతాయి. పైగా రోజులో 22 గంటలు అది కదలదు, సందులో గోడ పక్కన పడి ఉంటుంది.

అప్పట్లో వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న పచౌరీ నానో తలుచుకుంటే పీడకలలు వస్తున్నాయన్నారు. పర్యావరణవేత్త సునీతా నారాయణ్ మాత్రం ఒక్క నానోని ఆడిపోసుకుని లాభం లేదు, అన్ని కార్లనీ అడగాలి, బస్సుల గురించి అడగాలి అన్నారు. నా ఓటు ఆవిడకే. ఎందుకంటే భయపడ్డట్టు నానో దేశాన్ని ముంచెత్తనే లేదు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో 997 ఎకరాల భూమి గొడవతో 2008లో నానో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సానంద్‌కి వెళ్లిపోయింది, ఆ భూమిని రైతులకి తిరిగి ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2016 ఆగస్టు. బండి అమ్మకాలు బాగున్న ఏడాదిలో కూడా 75 వేలు దాటలేదు, 2018 జూన్‌లో తయారైంది ఒకే ఒక్కటి. "అన్నిటికన్నా చౌక" అన్న ముద్రే కొంప ముంచింది, చౌక కారులో దిగడం ఎవరికి గొప్ప? దాని మీద అంత రచ్చ చేసిన దేశంలో ఇప్పుడు అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీలు. వాటిని చూసి ఎవరికీ పీడకలలు రావడం లేదు, విచిత్రం.

మరి ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీదా, స్కూటర్ల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆశ మళ్లీ పుట్టడం సహజం. చిన్న ఎలక్ట్రిక్ కారు పొగ గొట్టం లేని మాట నిజమే, కానీ మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే, పైగా ధర చూస్తే అది చౌక కారు వరసలోకే రాదు. సెకండ్ హ్యాండ్ చిన్న కారు తీసుకుంటే కొత్త ఇనుము, కొత్త ప్లాస్టిక్ ఖర్చు తప్పుతుంది, నెలకి రెండు మూడుసార్లు నలుగురూ కలిసి కదిలే ఇంటికి నేను అదే చెబుతా, ఎయిర్‌బ్యాగులు ఉన్నది చూసుకోండి. రోజూ ఒక్కరే పనికి పోయేదైతే స్కూటర్, హెల్మెట్‌తో. మీ వీధి చివర పావుగంటకో బస్సు వస్తుంటే దాన్ని మించింది లేదు, ఆడవాళ్లకి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి చాలా ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు ఖర్చే లేదు. గంటకో బస్సు, అదీ కాలు పెట్టే సందు లేకుండా వస్తే మాత్రం బస్సు ఎక్కమని మీకు చెప్పే మొహం నాకు లేదు.

మా బావ నానో తీసేసి ఎత్తయిన పెద్ద కారు కొన్నాడు. పొద్దున్నే దాంట్లో ఒక్కడే ఆఫీసుకి పోతాడు. ఆ కారు మా సందులో తిరగదు, కాబట్టి రైతుబజారుకి మళ్లీ స్కూటర్ బయటికొచ్చింది.