జాగ్రత్త: "ఏ డిగ్రీ అయినా స్టాటిస్టిక్స్ సీటు ఖాయం" ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు మార్కుల షీట్ తీసి చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు డిగ్రీ పూర్తి చేస్తున్న మన తెలుగు పిల్లలకీ, ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకీ ఈ హెచ్చరిక. బీకాం, బీబీఏ, కెమిస్ట్రీ ఆనర్స్, బీటెక్, ఏది చదివినా సరే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో సీటు ఇప్పిస్తామని చెప్పి, కోచింగ్, అప్లికేషన్, కౌన్సెలింగ్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతున్నారు. డబ్బంతా ముందే కట్టించుకుంటారు. పిల్లవాడు కష్టపడి చదువుతాడు, ఎంట్రన్స్‌లో ర్యాంకు తెచ్చుకుంటాడు, తీరా సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోతాడు. డిగ్రీలో లెక్కల పేపర్లు చాలవు, అంతే. వెళ్లి అడిగితే "అర్హత మీరే చూసుకోవాలి కదండీ" అంటారు. రసీదు కింద "ఫీజు వాపసు లేదు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మెలిక ఎక్కడుందో చూడండి. పరీక్ష రాయడానికి అర్హత వేరు, కోర్సులో చేరడానికి అర్హత వేరు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశాలకి పెట్టే జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్‌ని ఏ డిగ్రీ వాళ్లయినా రాయొచ్చు. కానీ ఫలితాలొచ్చాక అడ్మిషన్ ఫారం మళ్లీ విడిగా నింపాలి. అక్కడ ఒక్కో ఐఐటీ ఒక్కో షరతు పెడుతుంది: డిగ్రీలో మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఇన్ని సెమిస్టర్లు చదివి ఉండాలి అని. ప్యాకేజీ అమ్మేవాళ్లు మొదటి అర్హత చూపించి రెండోదాని ఊసెత్తరు.

ఈమధ్య ఇంకో కాగితం కూడా చూపిస్తున్నారు. 2024లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పీజీ కోర్సుల ఫ్రేమ్‌వర్క్ ఒకటి విడుదల చేసింది. డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా, పీజీ సబ్జెక్టులో ఎంట్రన్స్ పాసైతే అందులో చేరవచ్చని దాంట్లో ఉన్నమాట నిజమే. కానీ దాన్ని తమ కోర్సుకి వర్తింపజేసిందీ లేనిదీ ఆయా యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లోనే తెలుస్తుంది. చాలాచోట్ల ఇప్పటికీ మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ చదివినవాళ్లనే అడుగుతున్నారు. కోరాపుట్ దగ్గర సునాబెడాలోని సెంట్రల్ యూనివర్సిటీ అయినా, భువనేశ్వర్‌లో ఉత్కల్ యూనివర్సిటీ అయినా, ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో అర్హత పేరా చదవకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

కాబట్టి ముందు అన్ని సెమిస్టర్ల మార్కుల షీట్లు బల్లమీద పరచండి. బీకాంలో ఉండే బిజినెస్ మ్యాథమెటిక్స్ అండ్ స్టాటిస్టిక్స్ ఒక్క పేపరు. దాన్ని చూపించి "స్టాటిస్టిక్స్ చదివాడు కదా" అని అమ్మేస్తారు గానీ, ఒక సబ్జెక్టుగా స్టాటిస్టిక్స్ చదవడమంటే అది కాదు. కెమిస్ట్రీ ఆనర్స్ వాళ్లు జనరిక్ ఎలెక్టివ్‌గా (ఆనర్స్ సబ్జెక్టు కాకుండా ఎంచుకునే పేపరుగా) మ్యాథ్స్ తీసుకుని ఉంటే అవి ఎన్ని పేపర్లో, ఏయే సెమిస్టర్లలోనో రాసుకోండి. బీటెక్ వాళ్ల పరిస్థితి కొంత మెరుగు. అయినా మొదటి రెండు మూడు సెమిస్టర్లతో మ్యాథ్స్ అయిపోతే, నాలుగు సెమిస్టర్లు అడిగే చోట చిక్కే. అనుమానంగా ఉంటే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టండి, పేపర్ల పేర్లు, క్రెడిట్లు రాసి, సిలబస్ కాపీ జతచేసి. జవాబు రాతపూర్వకంగా చేతికొచ్చాకే ఫీజు సంగతి. మార్కుల షీట్ చూడకుండానే సీటు ఖాయం అన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

కోచింగ్ సరుకూ అంతంతమాత్రమే. చాలా ప్యాకేజీల్లో ఇచ్చేది మీన్, మీడియన్, ఇండెక్స్ నంబర్లు, సహసంబంధం, అంటే బీకాం స్థాయి నోట్సే. జామ్ పేపర్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. సీక్వెన్సులు, సిరీస్, కాలిక్యులస్, మాట్రిక్సులతో మొదలై ఎస్టిమేషన్, హైపోథెసిస్ టెస్టింగ్ దాకా వెళ్తుంది. ఒక మామూలు ప్రశ్న చూడండి: సున్నాకి తగ్గని ఎక్స్, వై రెండింటి జాయింట్ డెన్సిటీ (రెండూ కలిసి ఏ విలువల దగ్గర ఎంత వస్తాయో చెప్పే ఫంక్షన్) ఇస్తారు, వాటి మొత్తం ఒకటి కన్నా తక్కువయ్యే ప్రాబబిలిటీ ఎంత అంటారు. ఆ షరతు గ్రాఫ్ మీద ఒక త్రిభుజం అవుతుంది, దాన్ని గీసుకుని డబుల్ ఇంటిగ్రల్‌కి హద్దులు పెట్టడం రావాలి. ఇంటర్ తర్వాత ఇంటిగ్రేషన్ ముట్టని పిల్లవాడికి ఏ షార్ట్‌కట్ ఫార్ములా ఇక్కడ పనికిరాదు. జూన్‌లో మొదలుపెడితే ఫిబ్రవరి పరీక్షకి ముందు మూడు నాలుగు నెలలు ఒట్టి కాలిక్యులస్, మాట్రిక్సులకే పోతాయి. పోనివ్వాలి కూడా.

కోల్‌కతా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లోని పీజీ కోర్సు ఎం.స్టాట్ పేరు చెప్పి అమ్మేవాళ్లతో మరింత జాగ్రత్త. అక్కడ ఆబ్జెక్టివ్ పేపర్‌తోపాటు విడిగా రాతపేపరు ఉంటుంది, మెట్టు మెట్టుగా నిరూపించి రాయాలి. బిట్ల మాక్ టెస్టులు ఎన్ని రాసినా ఆ చేయి తిరగదు. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఎదురు స్టైపెండ్ ఇస్తారు. "ఐఎస్‌ఐలో మేనేజ్‌మెంట్ సీటు" అని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం.

"విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సీటు మా చేతిలో ఉంది" అన్న మాట మన జిల్లాల్లో బాగా పనిచేస్తోంది, ఇంట్లో తెలుగే కదా అని. భాషతో సంబంధం లేదు. ఆంధ్రలో పీజీ ప్రవేశాలు ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. లోకల్ అంటే అక్కడ చదివిన, నివసించిన ఏళ్లని బట్టి. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి. రాయగడలో స్కూలు, కాలేజీ చదివిన పిల్లవాడు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

విదేశీ ప్యాకేజీలది వేరే కథ. అమెరికాలో ఎంఎస్ స్టాటిస్టిక్స్‌కి మల్టీవేరియబుల్ దాకా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మామూలుగా అడుగుతారు. కొన్నిచోట్ల మన మూడేళ్ల డిగ్రీ సరిపోదంటారు. ఏజెంటుకి కమీషన్ వచ్చేది కొన్ని యూనివర్సిటీల నుంచే, కాబట్టి అడిగింది స్టాటిస్టిక్స్ అయినా అటే నెట్టి, బిజినెస్ అనలిటిక్స్‌లో చేర్పిస్తారు. సిఫార్సు లేఖలు మేమే రాస్తాం, సంతకం మేమే చూసుకుంటాం అంటే అక్కడే లేచి వచ్చేయండి. దొంగ లేఖ బయటపడితే ఇచ్చిన సీటు కూడా రద్దవుతుంది, నష్టపోయేది పిల్లవాడే.

లెక్కల పేపర్లు తక్కువైనవాళ్లకి దారి లేకపోలేదు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, కోర్సుకి 1,000 రూపాయలు. అది డిగ్రీ పేపరుకి బదులు కాదు గానీ విదేశీ అప్లికేషన్లలో కొంత బరువుంటుంది. దూరవిద్య ఇచ్చే ఇగ్నో యూనివర్సిటీలో అప్లైడ్ స్టాటిస్టిక్స్ పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ రెండూ ఉన్నాయి, రీజనల్ సెంటర్ కోరాపుట్‌లోనే. వాటి అర్హత నేరుగా అక్కడే కనుక్కోండి.

అప్లికేషన్ ఎవరు నింపినా మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు మీవే ఉండాలి. ఏజెంటు మెయిల్‌కి వచ్చిన ఆఫర్ మీకు తెలిసేలోపు గడువు దాటిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్క రాత్రికి కూడా ఇవ్వొద్దు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఊరుకోకండి. నూరు శాతం సెలక్షన్ గ్యారంటీ లాంటి కోచింగ్ ప్రకటనలు కుదరవని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ప్యాకేజీ అమ్మినవాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కరపత్రం ఫోటో, వాట్సాప్ మెసేజీలు, యూపీఐ రసీదు దాచుకోండి. డబ్బు సంస్థ ఖాతాకి కాకుండా ఎవరి సొంత నంబరుకైనా వెళ్లి ఉంటే, ఆ నంబరు మనిషి ఫలానా సంస్థ తరఫున తీసుకున్నాడని తెలిసే మెసేజ్ ఏదైనా ఉందేమో ఇవాళే వెతికి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.