జైలు ఆసుపత్రికి ట్రూనాట్: డ్యుయో చాలు, క్వాట్రో వద్దు

టీబీ అనుమానం ఉన్న ఖైదీని బయటి ఆసుపత్రికి పంపాలంటే ముందు ఎస్కార్ట్ పోలీసులు దొరకాలి. ఎక్కడో బందోబస్తు పడిందంటే ఆ వారం పరీక్ష లేనట్టే. ఈలోగా అతను అదే బ్యారక్‌లో, పక్కవాడికి జానెడు దూరంలో దగ్గుతూ పడుకుంటాడు. 2022 చివరికి మన దేశంలో జైళ్లు సామర్థ్యంలో 131 శాతం నిండి ఉన్నాయి. గోవా కంపెనీ మోల్‌బయో తయారుచేసే ట్రూనాట్, అంటే అక్కడికక్కడే టీబీ తేల్చే యంత్రం, జైలుకు పనికొచ్చేది ఇందుకే. గళ్లను (దగ్గితే వచ్చే కఫాన్ని) జైలు గోడ దాటించక్కర్లేదు, యంత్రం బ్యాటరీ మీద కూడా నడుస్తుంది.

పని రెండు పెట్టెల్లో జరుగుతుంది. ట్రూప్రెప్ గళ్లలోంచి డీఎన్‌ఏ తీస్తుంది, ట్రూల్యాబ్ పీసీఆర్ చేస్తుంది, అంటే ఆ డీఎన్‌ఏలో టీబీ క్రిమిది ఉందేమో వెతుకుతుంది. గళ్ల డబ్బాలో లిక్విఫికేషన్ బఫర్ (గళ్లను పలచన చేసే ద్రవం) రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగాలి. అందులోంచి 0.5 మి.లీ. లైసిస్ బఫర్ (క్రిములను పగలగొట్టే ద్రవం) లోకి తీసి, మళ్లీ రెండు చుక్కలు వేసి, మూడు నిమిషాల తర్వాత ట్రూప్రెప్ కార్ట్రిడ్జ్‌లో పోయాలి. తొందరపడితే ఇక్కడే దెబ్బతింటాం: గళ్ల ఇంకా తీగలా సాగుతుంటే కార్ట్రిడ్జ్ మూసుకుపోతుంది. సుమారు 20 నిమిషాలకు డీఎన్‌ఏ వస్తుంది. దాన్ని 6 మైక్రోలీటర్లు ఎండు రియేజెంట్ ఉన్న చిన్న ట్యూబులో వేసి, అర నిమిషం నుంచి నిమిషం ఆగి, 6 మైక్రోలీటర్లే ట్రూల్యాబ్‌లో పెట్టే చిప్ గుంటలో వదలాలి. ట్యూబును ఊపొద్దు, బుడగ రానివ్వొద్దు. వస్తే ‘ఇన్‌వ్యాలిడ్’ అని చూపించి చిప్ దండగవుతుంది. మరో 40 నిమిషాల్లో ఫలితం.

పాజిటివ్ వస్తే, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో చూసే చిప్‌ను అదే డీఎన్‌ఏతో వేయాలి, దానికి ఇంకో గంట. కాబట్టి మొదటి ఫలితం రాకముందే మిగిలిన డీఎన్‌ఏ ట్యూబును పారేయకండి. ఐసోనియాజిడ్ అనే మరో టీబీ మందుకు లొంగని టీబీని ఈ చిప్ పట్టదు, ఆ నమూనా ఎల్‌పీఏ (లైన్ ప్రోబ్ అస్సే) అనే పెద్ద ల్యాబ్ పరీక్షకు వెళ్లాల్సిందే.

ఏ మోడల్ కొనాలి? ట్రూప్రెప్ ఒకసారికి ఒక్క నమూనానే తీసుకుంటుంది, అంటే గంటకు మూడు. ట్రూల్యాబ్‌లో డ్యుయో మోడల్ రెండు చిప్‌లను 40 నిమిషాల్లో ముగిస్తుంది, అదీ గంటకు మూడే. ఒక్క ట్రూప్రెప్ పెట్టుకుని నాలుగు చిప్‌ల క్వాట్రో కొంటే సగం ఖాళీగా కూర్చుంటుంది.

ఇక లోపాలు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆమోదించింది. అయితే చిన్న ల్యాబుల్లో జరిగిన బహుళదేశ పరీక్షలో టీబీని పట్టే రెండు రకాల చిప్‌లలో ఎంటీబీ 73 శాతం, ఎంటీబీ ప్లస్ 80 శాతం కేసులనే పట్టాయి. కొనేటప్పుడు ప్లస్సే అడగండి. ఇలాంటిదే మరో పరీక్ష ఎక్స్‌పర్ట్ అల్ట్రా ఇంకా తక్కువ క్రిములనూ పసిగడుతుంది, కాకపోతే గది 30 డిగ్రీలు దాటకూడదు, కరెంటు నిలకడగా ఉండాలి. మే నెలలో మన జైలు ఆసుపత్రుల సంగతి తెలిసిందేగా! ట్రూనాట్ యంత్రం వేడిని తట్టుకున్నా, చిప్‌లను 30 డిగ్రీల లోపే దాచాలి.

ఈమధ్యే మందులు పూర్తిచేసినవాడికి చచ్చిన క్రిముల డీఎన్‌ఏ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. పాత చికిత్స గురించి ముందే అడగాలి. మందులు పనిచేస్తున్నాయా అన్నది దీంతో చూడకూడదు, అందుకు గళ్లను మైక్రోస్కోపులో చూసే స్మియరే.

గళ్ల తీయడం అసలు తలనొప్పి. పొద్దున్నే, ఆరుబయట, సిబ్బంది కళ్లముందే తీయించాలి. 1990ల్లో మాజీ సోవియట్ దేశాల జైళ్లలో ఆసుపత్రి వార్డులో చేరడం కోసం పాజిటివ్ గళ్లను ఖైదీలు కొనుక్కున్నారు. ఇక్కడ ఎక్కువగా వచ్చేది ఉమ్మి. దాన్ని యంత్రంలో పెట్టడం కన్నా తిప్పి పంపడం మేలు.

దగ్గేవాళ్లకే పరీక్ష అనుకుంటే యంత్రం కొన్నా లాభం లేదు. 2019–21 జాతీయ సర్వేలో ఎక్స్‌రే తీయకపోతే 42.6 శాతం కేసులు తప్పిపోయేవని తేలింది. జైల్లోకి వచ్చిన రోజే చేత్తో పట్టుకునే యంత్రంతో ఛాతీ ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవాళ్ల గళ్లనే ట్రూనాట్‌కు పంపితే చిప్‌లూ మిగులుతాయి.

రిమాండ్ ఖైదీ విషయంలో ఫలితం వచ్చిన రోజే నిక్షయ్ (ప్రభుత్వ టీబీ పోర్టల్) ఐడీ, ఇంటి ఫోన్ నంబరు, ఊరి పీహెచ్‌సీ పేరు రాసి పెట్టుకోవాలి. బెయిల్ సాయంత్రం వస్తుంది, ల్యాబ్ టెక్నీషియన్ అప్పటికి ఉండడు.

సబ్‌జైలుకైతే ఇది కొనొద్దు. నెలకు పదో పరకో నమూనాల కోసం కొంటే చిప్‌లు గడువు తీరిపోతాయి, చేసేవాడి చెయ్యి కూడా అలవాటు తప్పుతుంది. ట్రూనాట్ ఉన్న దగ్గర్లోని పీహెచ్‌సీకి నమూనా డబ్బా పంపితే చాలు, దానికి ఎస్కార్ట్ అక్కర్లేదు.