కాలివేళ్ల ఫంగస్‌కు టీ ట్రీ నూనె రాయాలా, వెల్లుల్లి రాయాలా?

వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, పొట్టులా ఊడుతూ దురద పెడుతుంటే చాలామంది ఈ రెండింట్లో ఒకటి చెబుతారు. నా ఓటు టీ ట్రీ నూనెకే. అందులోని టెర్పినిన్-4-ఆల్ అనే పదార్థం ఫంగస్ కణాల పొరను దెబ్బతీస్తుంది. అయితే అసలు కిటుకంతా గాఢతలోనే ఉంది. రోగులపై చేసిన పరీక్షల్లో, ఈ నూనె 10 శాతం కలిపిన క్రీము దురదను తగ్గించిందే గానీ ఫంగస్‌ను వదిలించలేదు. 25, 50 శాతం ద్రావణాలైతే నాలుగు వారాల్లో మందు కలపని ద్రావణం కన్నా బాగా పనిచేశాయి. కొందరికి దద్దుర్లొస్తాయి కాబట్టి ముందు మోచేతి మడతలో ఒక్క చుక్క రాసి చూడాలి.

వెల్లుల్లిలోని అజోయీన్ అనే పదార్థానికీ ఫంగస్‌ను చంపే గుణముంది, కానీ అది క్రీముగా చేసినప్పటి మాట. పచ్చి రెబ్బ నూరి కట్టు కట్టారో, గంటల్లోనే బొబ్బలెక్కి కాలిన గాయం మిగలొచ్చు. వంటింట్లోదే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

తలలో తామర కూడా ఫంగస్ వల్ల వచ్చేదే అయినా, దానికి మాత్రం ఈ రెండూ చాలవు, డాక్టరు రాసే మాత్రలు మింగాల్సిందే.