వేలి ట్రిగ్గరా, బొటనవేలి బటనా, హింజా: కాంపౌండ్ విల్లుకు ఏ రిలీజ్ మేలు?

అనంతపురంలో ఉదయం పూట మాతో పాటు సాధన చేసే పిల్లల తల్లిదండ్రుల్లో విల్లు ఏ కంపెనీది కొనాలని అడిగేవారు ఈ మధ్య తగ్గారు, రిలీజ్, అంటే వింటినారిని పట్టి లాగి వదిలే చేతి పరికరం, ఏది కొనాలని అడిగేవారు పెరిగారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలవడమూ, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీకి చోటు దొరకడమూ చివర్ల కప్పీలుండే ఈ విల్లు మీద ఆసక్తిని పెంచాయి. నేను కూడా నాలుగేళ్ల పాటు వేలి ట్రిగ్గర్‌తో వేసి, నిరుడే దాన్ని మార్చినవాణ్ణి కనుక ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పగలను.

మణికట్టుకు పట్టీతో బిగించి, చూపుడువేలితో నొక్కే ట్రిగ్గర్‌నే మనలో చాలామంది మొదట వాడతాం. అది చేతినుంచి జారిపోదు, లాగే బరువు మణికట్టు మీద పడుతుంది గనుక వేళ్లు అలసిపోవు, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఎండాకాలంలో ఏడు గంటలకే పట్టీ కింద చెమట చేరడం తప్ప పైకి కనిపించే లోపం దానికి లేదు. అసలు చిక్కు చూపుడువేలిలోనే ఉంది. రోజంతా మనం చెప్పిన పనులన్నీ తక్షణమే చేసే ఆ వేలు, గురిచూసే చుక్క లక్ష్యం నడిమి పసుపు మీదికి రాగానే మన అనుమతి కోసం ఆగకుండా ట్రిగ్గర్‌ను లాగేస్తుంది.

నా దృష్టిలో రిలీజ్ ఎంపికలో తేల్చవలసిన విషయం ఇదొక్కటే: బాణం వెళ్లే క్షణం మనసుకు ముందుగా తెలుస్తోందా, లేదా? కాంపౌండ్ విల్లు ఇచ్చే సౌకర్యమే ఇక్కడ శత్రువవుతుంది. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్‌ఆఫ్, అంటే బరువు తగ్గింపు, ఉంటే పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది 12 పౌండ్లే కాబట్టి, గురి చూస్తూ చాలాసేపు నిలబడగలం. అంతసేపూ కదులుతున్న చుక్కను చూస్తూ, అది మధ్యకు వచ్చిన రెప్పపాటులో వేసెయ్యాలన్న ఆత్రం పెంచుకుంటాం. అదే ముదిరి టార్గెట్ ప్యానిక్ అవుతుంది. వేలు గుంజినప్పుడు భుజమూ, విల్లు పట్టిన చెయ్యీ దానితో పాటు అదురుతాయి. సుమారు 70 సెంటీమీటర్ల బాణం మొన ఆ అదురుకు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా, 50 మీటర్ల దూరంలో దెబ్బ దాదాపు 7 సెంటీమీటర్లు తప్పుతుంది. 80 సెంటీమీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పు 8 సెంటీమీటర్లే కాబట్టి, నడిమధ్యకు గురిపెట్టిన బాణం పదిని దాటి బయటకు పోతుంది. సైట్‌ను, అంటే విల్లు మీది గురి పరికరాన్ని, ఎంత తిప్పినా ఈ తప్పు సరికాదు. నేను రెండేళ్లు తిప్పి చూశాను.

ట్రిగ్గరూ బటనూ ఏవీ లేని హింజ్ ఈ రోగానికి సూటి మందు. వీపు కండరాలతో వెనక్కి సాగదీస్తున్నకొద్దీ పిడి కొద్దిగా తిరిగి, లోపలి అర్ధచంద్రాకారపు ముక్క నారిని పట్టిన కొక్కేన్ని వదిలేస్తుంది; అది ఏ క్షణంలో జరుగుతుందో మనకు కచ్చితంగా తెలియదు గనుక, ముందుగా ఉలికిపడడానికి అవకాశమే ఉండదు. అయితే అలవాటు లేనివారి చేతిలో సగం లాగుతుండగానే తెగి, అంటే నారిని వదిలేసి, పిడికిలి తిన్నగా సొంత మూతికి తగలవచ్చు. అందువల్ల మొదటి వారమంతా లాగే పొడవుకు సరిపడా కట్టిన తాడు ఉచ్చుతోనే సాధన చేయాలి, బాణం లేకుండా విల్లును మాత్రం ఎన్నడూ వదలకూడదు. తరువాత అయిదు మీటర్ల దూరంలో, పాతబట్టలు గట్టిగా కుక్కిన గోనెసంచి ముందు నిలబడి, గురితో పని లేకుండా వేయాలి.

ఇంత మెచ్చుకుని కూడా పోటీకి నేను హింజ్‌ను తీసుకువెళ్లను. కారణం మన గాలి. ఉరవకొండ వైపు గాలిమరలను ఊరికే నిలబెట్టలేదు. ఆషాఢంలో ఇక్కడ చుక్క పసుపులో నిలవడమే గగనం. ముఖాముఖి పోటీలో ఒక్కో బాణానికి దొరికే 20 సెకన్లలో హింజ్ తెగకపోతే, దించి మళ్లీ లాగేసరికి సమయం అయిపోతుంది.

అందుకే నా ఓటు బొటనవేలి బటన్‌కు. దాన్ని బొటనవేలి కొనతో నొక్కితే చూపుడువేలి కథే మళ్లీ మొదలవుతుంది. బటన్‌ను వేలి మొదటి గీత లోపలికి చేర్చి, వేలును కదపకుండా మోచేతిని వెనక్కి తీసుకుంటే పిడి సాగి అదే తెగుతుంది. గాలి మరీ విసిరినప్పుడు మాత్రం కాస్త తొందరపెట్టే వీలు ఉంటుంది. ఈ వీలును రోజూ వాడుకునేవారికి పాత జబ్బు తిరిగి వస్తుంది కాబట్టి, నేను వారంలో రెండు రోజులు హింజ్‌తో గోనెసంచి దగ్గరకే వెళ్తాను.

నిర్ణీత బరువుకు మించి లాగితే తెగే టెన్షన్ రిలీజ్ కూడా ఉంది. సాధనకు మంచిదే గాని, రెండు రిలీజులు కొన్నాక మూడోదానికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఏది మార్చినా పిడికిలి దవడకు ఆనే చోటు మారుతుందని మరువకూడదు. హింజ్, బొటనవేలి బటన్ లాంటి చేతిపట్టు రిలీజ్‌కు దవడ ఎముక చూపుడువేలి, మధ్యవేలి కణుపుల మధ్య కూర్చుంటుంది. దానివల్ల లాగే పొడవూ, నారిలో అమర్చి కంటితో చూసే చిన్న రంధ్రమైన పీప్ ఎత్తూ కొద్దిగా తేడా పడతాయి. వాటిని ముందు సరిచేసుకుని, సైట్‌ను 20 మీటర్ల నుంచి మళ్లీ కట్టుకుంటూ రావాలి. ఈ పనికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నా స్కోరు పడిపోయింది కూడా. కనుక పోటీకి నెల రోజులే ఉన్నవారు ఇప్పుడున్న ట్రిగ్గర్‌తోనే వెళ్లిరావడం మంచిది.